గోడవైపు తిరిగిన తల

కార్మొసీనా ప్రాణం పోవడం లేదు. ఫాదర్ వచ్చి నుదుటికీ అరచేతులకీ చివరి నూనె రాసి వెళ్లి వారాలు గడిచాయి. మళ్లీ పిలిస్తే మళ్లీ వచ్చి రాశాడు. మూడోసారి పిలవడానికి కూతురు ఎర్సీలియాకే మొహం చెల్లలేదు. డాక్టరు వచ్చి చూసి, ఈ గుండె ఇంకా ఎలా కొట్టుకుంటోందో తనకే అర్థం కావడం లేదని చెప్పి, భుజాలెగరేసి మెట్లు దిగిపోయాడు. ముసలామె రొట్టె ముట్టదు, చారు ముట్టదు, కళ్లు తెరవదు, తనంతట తాను పక్కకి ఒత్తిగిలదు. గొంతులో ఊపిరి మాత్రం రంపం కోసినట్టు వస్తూ పోతూ ఉంటుంది. ఉండుండి పెదాలు కదిలి ఒకటే మాట వస్తుంది.

"దాహం... దానికి దాహం."

మొదట్లో ఎర్సీలియా తల్లికే దాహం అనుకుని చెంచాతో నీళ్లు పోసింది. అవి పెదాల పక్కనుంచి కారి దిండు తడిసింది. "నాక్కాదే," అంది ముసలామె, ఆ స్థితిలోనూ విసుక్కుంటూ. "దానికి."

ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నది ఎదురింటి తితినా. నేపుల్స్‌లో ఆ సందులో తలుపులు మూసుకుని బతికేవాళ్లెవరూ లేరు, మూసినా తితినా ఆగదు. ఆమె చేతులు నడుముకి పెట్టుకుని తేల్చేసింది.

"నేను చెప్తున్నా విను. మీ అమ్మ మాట బాకీ పడింది. పైవాళ్లకి కాదు, కిందవాళ్లకి. అది తీర్చేదాకా ఈ గుమ్మం దాటదు."

కిందవాళ్లంటే ఎవరో ఆ సందులో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. సందు మొదట్లో ఉన్న చర్చికి ఏదో పెద్ద పేరే ఉంది కానీ అందరూ పుర్రెల చర్చి అనే అంటారు. దాని నేలమాళిగలో, ఎప్పుడో పెద్ద తెగులులో పోయినవాళ్ల ఎముకలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. పేరు లేదు, ఊరు లేదు, ఏడ్చేవాళ్లు లేరు. స్వర్గానికీ నరకానికీ మధ్య, పాపం కాలిపోయేదాకా ఉండాల్సిన మంటలో ఆ ఆత్మలు మాడుతుంటాయి. అందుకని పేటలో ఆడవాళ్లు తలా ఒక పుర్రెని పట్టుకునేవాళ్లు. కడిగి, తుడిచి, చిన్న దిండు మీద పెట్టి, సోమవారం సోమవారం దీపం పెట్టి, నీ మంట చల్లారాలి తల్లీ అని ప్రార్థన చేసేవాళ్లు. అది కల్లోకొచ్చి తన పేరు చెప్పేది. అడిగింది ఇచ్చేది. ఇవ్వకపోతే దాన్ని పక్కన పడేసి ఇంకోదాన్ని తెచ్చుకునేవాళ్లు. చనిపోయినవాళ్లతో కూడా బేరం ఆడే మనుషులు వీళ్లు, దాచేదేముంది.

కార్మొసీనా కథ పేటంతటికీ తెలిసినదే. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ముందు ఒక పుర్రెని పట్టుకుంది, లాభం లేకపోయింది. దాన్ని వదిలేసి ఎలియొనోరాని పట్టుకుంది. ఎలియొనోరా అంటే మాటలా, దొరసాని, పెళ్లి కిరీటంతో సహా చచ్చిపోయిందని కల్లో తనే చెప్పింది. పట్టుకోగానే ఫలించింది. ఏడో నెలలోనే ఎర్సీలియా పుట్టేసింది. నాలుగు కిలోల పిల్ల! మంత్రసాని తూకం చూసి, "ఇది ఏడు నెలలదైతే నేను పోప్ గారి మేనత్తని," అని పడీపడీ నవ్విందట. కార్మొసీనా మాత్రం ఏడు నెలలేనని కొట్టినట్టు చెప్పేది. ఎర్సీలియా చేతులు పిజ్జాపిండి పిసికి పిసికి తొడలంత అయ్యాక కూడా, "మా ఏడు నెలల పిల్ల వచ్చింది," అని పేట వేళాకోళం మానలేదు.

"ఏం బాకీ?" అని తితినా మీద లేచింది ఎర్సీలియా. "చర్చి మూసేశాక కూడా మా అమ్మ ప్రతి సోమవారం వీధి కిటికీ ఊచల్లోంచి ఎలియొనోరాకి పువ్వులు పడేసింది కదే! వానొచ్చినా మానలేదు."

"పువ్వులు తాగుతారా ఎవరైనా? మంటలో ఉన్నదానికి కావలసింది నీళ్లు. వెళ్లి నాలుగు చుక్కలు పోసి రా. పోయేదేముంది?"

ఎర్సీలియాకి ఇలాంటివంటే మంట. రోజూ కాగే నూనె ముందు నిలబడి పిజ్జాలు వేయించేదానికి ఆత్మల వేడి గురించి ఎవరూ చెప్పక్కర్లేదని ఆమె ఉద్దేశం. అయినా ఆ చర్చి కిటికీ దాటేటప్పుడు ఆమె చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్లి సిలువ గుర్తు వేసుకునేది. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నప్పుడు ఆ నేలమాళిగ చూస్తానని ఏడిస్తే తల్లి చెంప పగలగొట్టింది. అంతకుముందు గానీ ఆ తరవాత గానీ తల్లి ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. "నీకక్కడ పనేం లేదు. నేను బతికుండగా నువ్వు ఆ మెట్లు దిగావంటే చూడు," అంది. తరవాత బిషప్ గారి దగ్గర్నుంచి ఈ పూజలు కూడవని ఉత్తర్వు వచ్చింది, ఆ తరవాత భూకంపం వచ్చింది, తలుపులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి అది చూడవలసిన స్థలం అయిపోయి, గుమ్మంలో టికెట్ల బల్ల వెలిసింది.

మంచం మీద రంపం కోత మళ్లీ మొదలైంది. అది వింటూ ఎర్సీలియా కాసేపు నిలబడింది. తల్లిని ఇలా చూడటం ఇక తన వల్ల కావడం లేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అలమరలోంచి చిన్న సీసా తీసి నీళ్లు పట్టింది, తల్లి చేతిరుమాలొకటి సంచిలో కుక్కుకుంది.

"అమ్మని చూస్తూ ఉండు," అంది తితినాతో. "నేను టూరిస్టునై వస్తాను."

*

టికెట్ల బల్ల దగ్గర ఒక అమ్మాయి కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే అడిగింది.

"ఎక్కడ్నుంచి వస్తున్నారు సిన్యోరా?"

"ఎదురుగా ఉన్న పిజ్జా కొట్లోంచి."

"అంటే... ఏ ఊరని రాసుకోను?"

"నేను పుట్టింది ఈ సందులో. నిన్నెప్పుడూ ఇక్కడ చూడలేదు, నువ్వెక్కడ్నుంచి వస్తున్నావో అది రాసుకో."

అమ్మాయి టికెట్ కొట్టింది, పుర్రె బొమ్మున్న పసుప్పచ్చ బిళ్ల ఒకటి ఎర్సీలియా గుండెల మీద అతికించింది. లోపల ఒక గుంపు తయారుగా ఉంది. మిలాన్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం, కెమెరాలు వేలాడేసుకున్న కొందరు జర్మన్లు, పెళ్లికి ముందే పోట్లాడుకుంటున్న ఒక జంట. గైడు పేరు ఫియొరెల్లా. కొండమీది డబ్బున్నవాళ్ల పేట పిల్ల, మెడలో పట్టు కండువా, చెవి దగ్గర మైకు.

"మెట్లు జారుతాయి, చూసుకోండి. కింద దీపాలు మనిషి కదిలితేనే వెలుగుతాయి. ఎవరూ కదలకపోతే కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి, కంగారు పడకండి."

మెట్లు దిగుతుంటే ఎండాకాలపు వేడి భుజాల మీంచి ఒక్కసారిగా ఊడిపోయింది. తడిమట్టి వాసన, పాత మైనం వాసన, ఆ రెంటి కిందా ఇంకేదో వాసన. ఎర్సీలియాకి ముక్కు బాగా పనిచేస్తుంది, నూనె చెడిందో లేదో వీధి చివర్నుంచే చెప్పగలదు. ఈ వాసన మాత్రం ఏమిటో పోల్చుకోలేకపోయింది. అది చెడ్డదిగా కూడా లేదు. ఎప్పుడో తెలిసిన వాసనలా ఉంది, అదే ఆమెకి నచ్చలేదు.

దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. గోడ పొడవునా పుర్రెలు, వరసమీద వరస. కొన్ని దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి, కొన్ని నున్నగా మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఎవరెవరి అరచేతులతో వచ్చిందో ఫియొరెల్లా మైకులో చెబుతోంది.

"ఒకప్పుడు ఈ పేటలో చదువులేని ఆడవాళ్లు ఈ పుర్రెలతో మాట్లాడేవారు. వీటికి చెమట పడితే కోరిక తీరిందని నమ్మేవారు. పాపం, ఆ రోజుల్లో—"

"పాపమా?" అంది ఎర్సీలియా.

అందరూ వెనక్కి తిరిగారు. ఫియొరెల్లా మర్యాదగా నవ్వింది. "మీరేమైనా అడగాలా సిన్యోరా?"

"ఏం లేదు. చెప్పమ్మా, చెప్పు. మా అమ్మ గురించి నాకూ తెలుస్తుంది."

మిలాన్ పెళ్లాం మొగుడి మోచేతిని గిల్లింది. గుంపు ముందుకి కదిలింది. నేలమాళిగ నడిమధ్య గాజుపెట్టెలో ఎలియొనోరా ఉంది. చలవరాతి పీఠం, మాసిన మఖమలు దిండు, నెత్తిన తగరపు కిరీటం. అందరూ ఫోటోలు తీసుకున్నారు. పోట్లాడుకున్న జంట దానిముందు బుగ్గలు ఆనించుకుని మరీ తీయించుకుంది. వాళ్లు మలుపు తిరిగేదాకా ఎర్సీలియా చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి ఉంది. తరవాత సీసా మూత తీసి గాజు అంచు సందులోంచి నీళ్లు చిలకరించింది.

"మా అమ్మ కార్మొసీనా తరఫున. చల్లగా ఉండు తల్లీ. మా అమ్మని వదిలెయ్యి."

నీటి చుక్కలు ఆ నున్నటి నుదుటి మీద నిలబడి పక్కకి జారిపోయాయి. కడుపునిండినవాళ్లకి పెట్టినట్టే ఉంది. ఎర్సీలియా రుమాలుతో గాజు తుడిచి లేవబోతూ, కింది వరసలో ఒకదాన్ని చూసి ఆగిపోయింది.

వరసంతా బయటికి చూస్తోంది. అదొక్కటే గోడవైపు తిరిగి ఉంది. వెనకభాగమే కనిపిస్తోంది. చుట్టూ ఉన్నవన్నీ ఎండిపోయి పొడిగా ఉంటే దానికి మాత్రం చెమట పట్టి ఉంది. బిందువులు ఊరి, కలిసి, కింది రాతిమీద తడిచార కట్టాయి. ఎర్సీలియా మెడ వెనక సరిగ్గా అదే చోట చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూసుకుంటే తడి.

"అది అంతే సిన్యోరా." ఫియొరెల్లా ఆమెని వెతుక్కుంటూ వెనక్కొచ్చింది. ఇప్పుడు మైకు తీసేసింది, గొంతు మామూలు పిల్ల గొంతులా ఉంది. "ఫోటోల్లో బాగుండదని ఎన్నిసార్లు తిప్పి పెట్టామో. పొద్దున్న వచ్చి చూస్తే మళ్లీ గోడకే. ఇంజనీరు గారేమో కింద నేల కదులుతోందన్నారు. నేపుల్స్ కదా, నేల కదలకపోతేనే ఆశ్చర్యం."

"మరి పక్కవి కదలవేం?"

ఫియొరెల్లా కండువా సర్దుకుంది. "నేనిప్పుడు దాన్ని ముట్టుకోవడం మానేశాను," అంది. "రండి, గుంపు వెళ్లిపోతోంది."

*

ఇంట్లో రంపం కోత అలాగే ఉంది. ఎర్సీలియా సంచి కుర్చీలో పడేసి మంచం పక్కన కూర్చుని తల్లి చెవిలో చెప్పింది.

"అమ్మా, పోశానే. ఎలియొనోరాకి నీళ్లు పోశాను. ఇంక హాయిగా వెళ్లు."

ముసలామె కళ్లు తెరుచుకున్నాయి. వారాలుగా తెరవని కళ్లు. తితినా సిలువ గుర్తు వేసుకుంది.

"దిగావా? నువ్వు దిగావా?"

"దిగక ఏం చెయ్యను? నీ బాధ చూడలేక—"

"నిన్ను చూసిందా?"

"ఎవరే?"

"ఎలియొనోరాకి కాదే దాహం, పిచ్చిదానా. దానికేం తక్కువ. గాజుపెట్టె, కిరీటం. ఆ ఇంకోదానికి."

గోడవైపు తిరిగిన తల ఎర్సీలియా కళ్లముందు నిలిచింది. మెడ వెనక తడి ఇంకా ఆరలేదు.

"దాని మొహం తిప్పింది నువ్వేనా?"

"నేనే." ముసలామె ఊపిరి కూడదీసుకుంది. "ఏళ్ల తరబడి పూజ చేశాను. పేరైనా చెప్పలేదు. అందరి కడుపులూ పండుతున్నాయి, మా అత్త బ్రిజీదా రోజూ పొడుస్తోంది. ఒక సోమవారం ఒళ్లు మండిపోయింది. నీ మొహం నాకు చూపించకు అని గోడకి తిప్పేశాను. అప్పటికప్పుడే ఎలియొనోరాని ఎత్తుకున్నాను."

"తరవాత ఏడు నెలలకే నేను పుట్టాను."

"నాలుగు కిలోలు," అంది తితినా గుమ్మంలోంచి, అలవాటు కొద్దీ. అన్నాక తన మాట తనకే తగిలినట్టుంది, చేత్తో నోరు మూసుకుంది.

ఎర్సీలియా జీవితమంతా నవ్వుతూ విన్న మాట అది. నాలుగు కిలోల ఏడు నెలల పిల్ల. ఏ పిల్లా ఏడు నెలల్లో నాలుగు కిలోలు ఉండదు. తొమ్మిది నెలల పిల్లే ఉంటుంది. అంటే తల్లి ఆ సోమవారం ఆ పుర్రెని గోడకి తిప్పేసరికే, తను కడుపులో పడి రెండు నెలలు.

"అమ్మా, నన్నిచ్చింది అదేనా?"

ముసలామె కంటి చివరనుంచి నీటిచుక్క చెవిలోకి జారింది. "నాకు తెలీదే అప్పుడు. ఆ రాత్రే కల్లోకొచ్చింది. నావైపు వీపు పెట్టి నిలబడింది. ఇచ్చాను కదమ్మా, ఎందుకు తిప్పేశావు అంది. అప్పుడు చెప్పింది పేరు."

"ఏం పేరు?"

"నీ పేరే."

ఎర్సీలియా చెయ్యి మంచం పట్టెని గట్టిగా పట్టుకుంది. మొదటి ఆడపిల్లకి నాన్నమ్మ పేరు పెట్టడం ఆ పేటలో ఎవరూ తప్పని ఆనవాయితీ. తను బ్రిజీదా కావలసింది. వంశంలో ఎక్కడా లేని పేరు పెట్టినందుకు నాన్నమ్మ చచ్చేదాకా అమ్మతో మాట్లాడలేదు. ఎందుకు పెట్టావే అని ఎన్నిసార్లడిగినా, నచ్చింది పెట్టాను అని కసిరేది అమ్మ.

"మర్నాడే వెళ్లి తిప్పి పెట్టలేకపోయావా? చెంచాడు నీళ్లు పోయలేకపోయావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఊరంతా ఎలియొనోరా అని చాటేశాను. అదీగాక భయం." గొంతు సన్నబడింది. "ఈ పిల్ల నీదే అని నోటితో ఒప్పుకున్నాననుకో. సరే, నాది నాకివ్వు అంటే? అందుకే ఏడు నెలలన్నాను. అందుకే నిన్ను దిగనివ్వలేదు. పేరు మటుకు ఇచ్చాను. పేరుతో సరిపెట్టుకుంటుందనుకున్నా. ఇప్పుడు నేను పోదామంటే గుమ్మంలో వీపు పెట్టి నిలబడి ఉందే. దారివ్వడం లేదు."

తితినా గభాలున గుమ్మంలోంచి గదిలోకి జరిగింది.

ఎర్సీలియా లేచింది. ఆమెకి తల్లిమీద పట్టరాని కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలి వేసింది. యాభై ఏళ్లకి పైగా ఈ ముసలిది తన్ని దాని కంట పడకుండా దాచుకుంది, పక్కింటి చెట్టు పండు కోసుకుని కొంగులో దాచుకున్నట్టు. సీసా నిండా నీళ్లు పట్టుకుంది.

"వద్దే," అంది కార్మొసీనా. "నేనిలాగే ఉంటాను. నాకలవాటైపోయింది. నువ్వు వెళ్లకు."

"నువ్వూరుకో," అంది ఎర్సీలియా. వంగి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ నుదురు పొయ్యిమీద పెనంలా కాలుతోంది.

*

టికెట్ల బల్ల దగ్గర అమ్మాయి కంప్యూటర్ ఆపేస్తోంది. ఎర్సీలియా గుండెల మీద పసుప్పచ్చ బిళ్ల ఇంకా అలాగే ఉంది.

"గొడుగు మర్చిపోయాను కింద."

"ఎండాకాలంలో గొడుగా సిన్యోరా?"

"నా ఇష్టం."

ఫియొరెల్లా తలుపు పక్కన నిలబడి ఆమె మొహం చూసింది, చేతిలో సీసా చూసింది. "త్వరగా వచ్చెయ్యండి," అని మాత్రం అంది. తను దిగలేదు.

ఈసారి మెట్లు ఎక్కువయినట్టనిపించింది. ఆమె అడుగుపెట్టిన చోటల్లా దీపం వెలిగింది, వెనకవి ఆరిపోతూ వచ్చాయి. ఎలియొనోరా కిరీటం తళుక్కుమంది. ఎర్సీలియా దానివైపు చూడలేదు. కింది వరస ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చున్నాక భయం నిజంగా పట్టుకుంది. పిండి పిసికే చేతుల్ని, కాగే నూనెకి జంకని చేతుల్ని, ముందుకి చాచలేక ఒళ్లోనే పెట్టుకుంది. నాది నాకివ్వు అంటే ఏం చెయ్యాలి? పారిపోవచ్చు. మెట్లెక్కి బయటపడి, పిండి తడుపుకుని, సాయంత్రానికి పిజ్జాలు వేయించుకోవచ్చు. అమ్మ అలాగే మంచంమీద రంపం కోస్తూ ఉంటుంది.

ఆలోచిస్తూ కదలకుండా ఉండిపోయింది. దీపం ఆరింది.

ఆ చీకట్లో తన ఊపిరి తనకి వినపడింది. రెండో ఊపిరి కూడా వినపడింది. నాలుక ఎండిపోయిన మనిషి నోరు తెరిచి తీసే ఊపిరి. దగ్గరగా, మోకాళ్ల ఎత్తులో ఉంది.

"వచ్చానమ్మా," అంది ఎర్సీలియా. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. చెయ్యి చాచింది. వెలుగు రాలేదు. మనిషి కదిలితే వెలగాల్సిన దీపం వెలగలేదు.

వేళ్లకి తడి తగిలింది. రెండు చేతులతో పట్టుకుని తిప్పబోయింది. రాలేదు. అలిగిన పిల్ల మొహం తిప్పుకోనని మొండికేసినట్టు బిగుసుకుంది. ఎర్సీలియా బలమంతా పెట్టి లాగబోయి, ఆగింది. అది లాగే పని కాదని ఆమెకి అర్థమైంది.

"ఎర్సీలియా," అని పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పేరుతో తను ఇంకొకళ్లని పిలవడం అదే మొదలు. "మా అమ్మ తప్పు చేసింది. నన్నిచ్చింది నువ్వే. నేను నీ పిల్లనే. ఇదిగో, నా నోటితో నేనే ఒప్పుకుంటున్నాను. కావాలంటే తీసుకో. కానీ ముందు నీళ్లు తాగు తల్లీ, ఎన్నాళ్లయిందో."

చేతుల్లో బిగువు సడలింది. తల మెల్లగా తిరిగింది. చీకట్లో కనపడకపోయినా, అది తన్ని చూస్తోందని ఎర్సీలియాకి తెలిసింది. చంటిబిడ్డని తొలిసారి చేతిలోకి తీసుకున్న మనిషి చూసినట్టు చూస్తోంది. ఆ చూపు కింద ఆమెకి తెలియకుండానే ఏడుపొచ్చింది. సీసా మూత తీసి తడుముకుంటూ నీళ్లు పోసింది. రాతిమీద పడిన చప్పుడు కాలేదు. ఎన్ని పోస్తే అన్నీ పోయాయి. గుటక చప్పుడు వినిపించింది, ఒకటి తరవాత ఒకటి, ఆత్రంగా. సీసా తేలికైపోయింది. రుమాలుతో ఆ నుదురు తుడిచింది.

"చల్లగా ఉండమ్మా," అంది.

అప్పుడు దీపం వెలిగింది. తన తలమీది దీపం కాదు. అవతల, మలుపు దగ్గర ఒకటి. కాసేపాగి దాని తరవాతది. ఆ తరవాత మెట్ల మొదట్లోది. మెట్ల పైది. ఎవరో నెమ్మదిగా నడుచుకుంటూ, మెట్లెక్కి, బయటికి వెళ్లిపోతున్నట్టు. ఎర్సీలియా ఇంకా మోకాళ్లమీదే ఉంది, కదల్లేదు. ఆ వెలుగులో చూస్తే తన ముందున్న పుర్రె పొడిగా, శుభ్రంగా, మామూలు పుర్రెలా ఉంది. బయటికి చూస్తోంది.

ఒక్క నిమిషం పట్టింది ఆమెకి, ఆ వెళ్లింది ఎటు వెళ్లిందో అర్థం కావడానికి. సీసా అక్కడే పడేసి పరిగెత్తింది.

*

తితినా మెట్లమీద కూర్చుని ఉంది. గదిలోకి వెళ్లడానికి ఒప్పుకోనన్నట్టు మోకాళ్లు కౌగిలించుకుని ఉంది.

"తలుపు తెరుచుకుంటే నువ్వొచ్చావనుకున్నానే," అంది ఎర్సీలియాని చూసి. "అడుగుల చప్పుడైంది. ఎవరూ లేరు. తడిమట్టి వాసన గుప్పుమంది. మీ అమ్మ కళ్లు తెరిచి, వచ్చావా అంది. తరవాత... తరవాత తనే తిరిగింది. నేను ముట్టుకోలేదు, మా పిల్లలమీద ఒట్టు. తనంతట తనే తిరిగి, వెళ్లిపోయింది."

రంపం కోత లేదు. గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఎర్సీలియా చాలాకాలంగా ఎరగదు. కార్మొసీనా మంచంమీద మొహం గోడకి పెట్టుకుని పడుకుని ఉంది. తెల్లటి జుట్టూ, సన్నటి మెడా మాత్రం కనిపిస్తున్నాయి. నన్ను చూడకండి అన్నట్టుంది ఆ వీపు.

ఎర్సీలియాకి గుండెలోంచి కోపం తన్నుకొచ్చింది. "ఇదా నువ్వడిగింది?" అని ఖాళీ గదిలో అరిచింది. "నేను పోసిన నీళ్లు తాగి వచ్చి ఇదా చేసింది? నన్ను తీసుకోమన్నాను కదా!"

మంచం పక్కన, కిటికీ దగ్గర, తడిమట్టి వాసన అలాగే ఉంది. వెళ్లలేదు.

ఎర్సీలియా మంచంమీద కూర్చుని తల్లి చెంపలకి రెండు చేతులూ వేసింది. తిప్పబోతే రాలేదు. అదే బిగువు, అదే మొండితనం. ఆమె చేతులకి ఆ పట్టు ఇప్పుడు బాగా తెలుసు. లాగలేదు. గదివైపు తల తిప్పి మెల్లగా అంది.

"నీ మొహం నేను ఇటు తిప్పాను కదమ్మా ఎర్సీలియా. గోడకేసి ఉండటమంటే ఏమిటో నీకంటే ఎవరికి తెలుసు? చాలు. మా అమ్మ మొహం నాకిచ్చెయ్యి."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు. ఆ చప్పుడు దూరమయ్యాక, ఆమె చేతుల్లో తల్లి తల తనంతట తాను బరువు వదిలింది. తేలిగ్గా, నిద్రలో ఒత్తిగిలినట్టు ఇటు తిరిగింది. కార్మొసీనా మొహంమీద బాధ లేదు. పెనంలా కాలిన నుదురు చల్లబడి సన్నటి చెమట పట్టి ఉంది. వారాలుగా బీటలు వారిన పెదాలు తడిగా ఉన్నాయి, ఎవరో ఇప్పుడే నీళ్లు పట్టినట్టు.

ఎర్సీలియా తల్లి కళ్లు మూసి, రుమాలుతో ఆ నుదురు తుడిచింది. ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది, సందంతా విని గుమ్మాల్లోకి వచ్చేలా ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లి, గ్లాసుడు నీళ్లు తెచ్చి మంచం పక్క బల్లమీద పెట్టింది. కాసేపు నిలబడి ఆలోచించి, మళ్లీ వెళ్లి ఇంకో గ్లాసు తెచ్చి దాని పక్కన పెట్టింది.

రెండో గ్లాసు ఎవరికని తితినా అడగలేదు. కుర్చీ ఒకటి తెచ్చి ఆ బల్లకి దగ్గరగా వేసి, తను మాత్రం నిలబడే ఉంది.